నూనె గుడ్డలు

పాలిష్ మేస్త్రి మంటల్లోకి దూరి, చనిపోయిన మామగారి పనిముట్ల పెట్టెను బయటికి తెచ్చాడన్న సంగతి వారం తిరక్కుండానే వీధంతా పాకింది. పాకుతూ పాకుతూ కాస్త ఒళ్ళు కూడా చేసింది. గుమ్మం పక్కనే ఉన్న పెట్టె, బట్టలకొట్టు ఆవిడ నోట్లో పడేసరికి అటక మీదికెక్కింది. మందుల షాపు దాకా వెళ్ళేసరికి మేస్త్రి భుజం మీద దూలం విరిగిపడింది. దూలమేదీ పడలేదని మేస్త్రి చెబితే, "చూశారా, చెప్పుకోడు కూడా" అని ఇంకో మెట్టు పైకెక్కించారు. మనుషులకు ఒక వీరుడు దొరకడమే అరుదు. దొరికాక ఇక వాడి మాట ఎవరు వింటారు?

ఆ పెట్టెలో ఉలులు, చిత్రిక, కొలబద్ద ఉన్నమాట నిజమే. మామగారు పోయాక గౌరవం కొద్దీ వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోని పెట్టె కంటే భద్రమైన చోటు ఇంకేముంటుంది? ఉలుల కింద, మెత్తటి గుడ్డలో చుట్టి, జేబులో పట్టేంత సీసా ఒకటి ఉండేది. ఖాళీ అయినప్పుడల్లా దాని స్థానంలోకి ఇంకోటి వచ్చేది. మంటలు లేచిన రోజు మేస్త్రి లోపలికి పరిగెత్తింది దానికోసం. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

బావమరిది ఆసుపత్రిలో ఉన్నాడు. కుడిచేయి వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ బావ గొప్పతనం చెప్పేది అతనే.

"నేను బుద్ధిలేక సిగరెట్టు పీక రంపంపొట్టులో పడేశాను. మా బావ ప్రాణానికి తెగించి నాన్న పెట్టె తెచ్చాడు. చూడండి ఇద్దరికీ ఎంత తేడానో," అనేవాడు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మేస్త్రి తల వంచుకునేవాడు. వచ్చినవాళ్ళు దాన్ని వినయం కింద జమకట్టి, కమలాపళ్ళు పెట్టి వెళ్ళిపోయేవారు.

వాళ్ళ దుకాణంలో ముందు గది వడ్రంగిది, వెనక గది పాలిష్‌ది. బావమరిది బల్లలు, బీరువాలు చేసి వెనక్కి పంపితే, మేస్త్రి వాటికి ఒంటి మెరుపు తెప్పించేవాడు. ఇద్దరికీ పని నేర్పింది మామగారే. మేస్త్రి పని నేర్చుకుందామని వచ్చి పిల్లను కూడా చేసుకుపోయాడని ఆయన బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేసేవాడు. ఆయనకు నవ్వు రాని విషయం ఒక్కటే ఉండేది. అది నూనె గుడ్డలు.

పాలిష్‌కు ముందు చెక్కకు అవిసె నూనె పట్టిస్తారు. పట్టించిన గుడ్డలను నలిపి ఒక మూల పడేస్తే, ఆ నూనె ఆరుతూ ఆరుతూ లోపల వేడి పుట్టిస్తుంది. గాలి తగలని కుప్పలో ఆ వేడికి దారి ఉండదు. అగ్గిపుల్ల గీయకుండా, ఎవరూ ముట్టించకుండా, కొన్ని గంటలకు దానంతటదే అంటుకుంటుంది. చూడనివాళ్ళు నమ్మరు. అందుకని మామగారు కొత్తగా చేరినవాళ్ళకు పెరట్లో రాతిమీద గుడ్డలు కుప్పపోసి, పొగ లేచేదాకా వాళ్ళను కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. వెనక గదిలో గోడ నుంచి గోడకు ఇనపతీగ కట్టించాడు. పని అయిన వెంటనే, చేతులు కడుక్కోకముందే, ఒక్కో గుడ్డా విప్పి, తీగమీద పరిచి, క్లిప్పు పెట్టాలి. ఆ తర్వాతే టీ అయినా, భోజనం అయినా. తన పెళ్ళినాటి ఉదయం కూడా మేస్త్రి గుడ్డలు ఆరేసే కదిలాడు.

అలాంటి మేస్త్రికి తాగుడు ఎప్పుడు పట్టుకుందంటే, అతనే చెప్పలేడు. మొదట పని ముగిశాక ఒళ్ళు నొప్పులకని. తర్వాత పని ముగుస్తుందని తెలిశాక. ఆ తర్వాత ఒక పొద్దున పాలిష్ గుడ్డ పట్టుకుంటే చేయి వణికింది. లక్క కరిగించిన స్పిరిట్‌లో తడిపిన ఉండ చెక్కమీద జారుతూ పోవాలి, ఎక్కడా ఆగకూడదు. ఆగినచోట మచ్చ పడుతుంది. ఆ రోజు మచ్చ మీద మచ్చ పడింది. రెండు గుక్కలు వేసుకున్నాక చేయి కుదురుకుంది. దాంతో మేస్త్రి మందును కూడా పనిముట్లలో కలిపేశాడు. వడ్రంగికి రంపం ఎలాగో తనకిది అలాగని లోలోపల ఒక న్యాయం చెప్పుకున్నాడు. తాగేవాడికి న్యాయాలకు కొదవేముంది, రోజుకొకటి పుట్టుకొస్తుంది.

వాసన గొడవ కూడా లేదు. పాలిష్ పనివాడి చొక్కా, జుట్టు, గోళ్ళు అన్నీ స్పిరిట్ వాసనే. పెళ్ళైన నాటి నుంచీ భార్య ఆ వాసన మధ్యే కాపురం చేస్తోంది. వేరే ఉద్యోగమైతే ఎప్పుడో పట్టుబడేవాడు.

ఆ రోజు పొద్దున పెద్ద భోజనాల బల్లకు నూనె పట్టించాడు. ఇద్దరూ కలిసి నెలల తరబడి చేసిన బల్ల అది. మధ్యాహ్నం భోజనానికి ముందు పెట్టె తెరిచాడు, భోజనం తర్వాత కూడా తెరిచాడు. సాయంత్రం ఇద్దరూ బయట అరుగు మీద టీ తాగుతుండగా కిటికీలోంచి పొగ వచ్చింది. బల్లను బయటికి లాగబోయిన బావమరిది చేతిమీదికి మండుతున్న పాలిష్ డబ్బా ఒలికింది.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆ నొప్పిలోనే బావమరిది అడిగాడు: "బావా, గుడ్డలు ఆరేశావు కదా?"

"ఆరేశాన్రా. ఒక్కొక్కటీ క్లిప్పు పెట్టి మరీ ఆరేశాను," అన్నాడు మేస్త్రి.

అతను అబద్ధం ఆడలేదు. తీగ, తీగమీద వరసగా గుడ్డలు, వాటిమీద పడుతున్న కిటికీ ఎండ, అన్నీ కళ్ళకు కట్టినట్టు గుర్తున్నాయి. బావ ఆరేశానంటే ఆరేసినట్టే. ఇక మిగిలింది తన సిగరెట్టు పీకే కదా అని బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

కాలిన దుకాణం శుభ్రం చేయడానికి మేస్త్రి, భార్య కలిసి వెళ్ళారు. ముందు గది నల్లబడింది గానీ నిలిచింది. వెనక గది పైకప్పు సగం కూలింది. భార్య కొంగు బిగించి, బకెట్టులో నీళ్ళు పెట్టుకుని, పనికొచ్చేవన్నీ ఏరుతోంది. వంగిపోయిన మేకును కూడా పారెయ్యని మనిషి ఆమె. వెనక గోడకు వేలాడుతున్న తీగను లాగి, దానికున్న ఇనప క్లిప్పులు ఒక్కొక్కటీ ఊడదీసి నీళ్ళలో వేస్తోంది.

"ఇవి బాగానే ఉన్నాయండీ. పైన మసి పట్టింది గానీ లోపల నీటుగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనైనా పీలిక ఇరుక్కోలేదు, తోమే బాధ తప్పింది," అంది.

మేస్త్రి చేతిలోని చీపురు ఆగిపోయింది. అతను వచ్చి బకెట్టు పక్కన కూర్చుని ఒక క్లిప్పు తీసి నొక్కి చూశాడు. గుడ్డ తీగమీద ఉండి కాలితే, క్లిప్పు పళ్ళ మధ్య బిగిసిన ముక్క కాలదు. అక్కడికి గాలి చేరదు. ఎన్ని నిప్పులు పడ్డా ఆ కాస్త పీలిక మిగిలి తీరుతుంది. రెండోది నొక్కాడు. మూడోది నొక్కాడు. బకెట్టులో చేయి పెట్టి అన్నీ తీసి చూశాడు. అన్నిటి నోళ్ళూ ఖాళీ.

అప్పుడు తలెత్తి గదిలోకి చూశాడు. తన పనిబల్ల కింది మూల, నేలబండ పెచ్చులు లేచి, గోడ అడుగు నుంచి పైదాకా మసి కూడా మిగలకుండా తెల్లగా కాలిపోయి ఉంది. మంట పుట్టింది అక్కడ. సిగరెట్టు పీక పడిన ముందు గుమ్మం దగ్గర పొట్టు ఇంకా పొట్టులాగే ఉంది. ఇన్ని రోజులూ అది అందరి కళ్ళ ముందే ఉన్నా, మేస్త్రి మాట మీద గురి కొద్దీ ఎవరూ అటు చూడలేదు.

మరి ఆ తీగ, ఆ ఎండ, ఆ వరసంతా ఏమిటి? అది ముందు రోజుదో, అంతకు ముందు రోజుదో. ఆ మధ్యాహ్నం అతని తలలో లేనేలేదు. లేని చోట పాత రోజులోంచి ఒక ముక్క కోసి అతుకు వేసుకున్నాడు, అతుకు కనబడకుండా పాలిష్ కూడా పట్టించాడు. ఇలాంటి అతుకులు ఇంకెన్ని ఉన్నాయో? పిల్లల బడికి వెళ్ళొచ్చానన్నాడు, వెళ్ళాడా? తలుపు గొళ్ళెం పెట్టానన్నాడు, పెట్టాడా? తన మాటను తానే నమ్మలేకపోతే ఇక మనిషి దేన్ని పట్టుకుని నిలబడాలి?

"ఏమైందండీ, అలా ఉన్నారేం?" అంది భార్య.

"ఏం లేదు. పొగ వాసన," అని లేచాడు.

లేచి ఎక్కడికి వెళ్ళాడో వేరే చెప్పాలా? ఇంటికి వెళ్ళి, పెట్టె తెరిచి, తాగాడు. బావమరిదికి నిజం చెప్పడానికి ధైర్యం కావాలని తాగాడు. ధైర్యం వచ్చింది. దానితోపాటు, ఇప్పుడు చెప్పి ఏం లాభం, జరిగిందేదో జరిగింది, చేయి నయమైపోతే అన్నీ అవే సర్దుకుంటాయి అన్న తెలివి కూడా వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళి, బావమరిదికి దిండు సర్ది, చల్లటి కబుర్లు చెప్పి తిరిగొచ్చాడు.

కానీ చేయి నయం కావడం లేదు. కట్టు తగ్గించి, వేళ్ళు వంచడం నేర్పే అమ్మాయిని పంపారు. బావమరిది ఆమెకు చేయి ఇవ్వడం మానేశాడు. ఆమె బతిమాలింది, కోప్పడింది, చివరికి బయటికొచ్చి మేస్త్రితో, భార్యతో చెప్పింది.

"చర్మం బాగానే కూడుకుంటోంది. కానీ ఇప్పుడు వంచకపోతే వేళ్ళు ఇలాగే బిగిసిపోతాయి. తర్వాత నేను కాదు, ఎవరొచ్చినా ఏం చేయలేరు. నొప్పికి భయపడుతున్నారేమో అనుకున్నాను. అది కాదు. నాకు ఈ చేయి అక్కర్లేదంటున్నారు."

లోపలికి వెళ్ళిన అక్క ముందు బావమరిది కుండ బద్దలుకొట్టాడు. "పొట్టు పక్కన సిగరెట్టు కాల్చినవాణ్ణి. నాన్న కట్టిన దుకాణం తగలబెట్టాను. నాలాంటివాడు చెక్క జోలికి రాకూడదక్కా. దుకాణం బావ పేరున పెట్టెయ్. నేను ఎక్కడో వాచ్‌మన్‌గా కూర్చుంటాను. దానికి వేళ్ళెందుకు?"

ఆమె మొగుడి వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "మీరు చెప్పండి వాడికి. నా మాట వినడు. మీరంటే దేవుడు వాడికి."

మేస్త్రి జేబులో చేయి పెట్టుకుని, ఆ చేయి జేబులో వణుకుతుంటే, "రేపు మాట్లాడతాను" అన్నాడు. ఆ రేపు తాగి వచ్చాడు, మాట్లాడలేదు. మరునాడు తాగకుండా బయల్దేరి, సగం దారిలో చెమటలు పట్టి, వెనక్కి వెళ్ళి, తాగి వచ్చాడు. ఆ రోజూ మాట్లాడలేదు. స్టూలు మీద కూర్చుని బావమరిది వేళ్ళ వంక చూశాడు. చెక్కలో ఇంత సన్నని కీలు కూడా గీత తప్పకుండా తొలిచే వేళ్ళు అవి. కొయ్యముక్కల్లా పక్కమీద పడున్నాయి. తాను తాగే ప్రతి గుక్కా ఆ వేళ్ళను ఇంకాస్త బిగదీస్తోందని మేస్త్రికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా మనసు పెట్టె మీదికే పోయింది. అప్పుడు భయం వేసింది అతనికి, నిజమైన భయం. మంటల్లో కూడా వేయని భయం. ఇది తన చేతుల్లో లేదని, చాలాకాలంగా లేదని, తాను దాన్ని వాడుకోవడం లేదు, అదే తనను వాడుకుంటోందని మొదటిసారి ఏ న్యాయమూ చెప్పుకోకుండా ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను పెట్టె వైపు చూడకుండా ఇంట్లోంచి బయటపడ్డాడు. పంటి బిగువున నడిచాడు. రెండుచోట్ల గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎదురొచ్చిన మందుల షాపాయన "ఏం మేస్త్రీ, జ్వరమా?" అంటే తలూపి సాగిపోయాడు. గదిలోకి వచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. రెండు చేతులూ గాలికి ఆకుల్లా కొట్టుకుంటున్నాయి. వాటిని దాచుకోలేదు.

"ఏంటి బావా, ఏమైంది?" అని బావమరిది కంగారుగా లేవబోయాడు.

"పడుకో. నేను చెప్పేది మధ్యలో ఆపకుండా విను. ఆగితే మళ్ళీ చెప్పలేను." మేస్త్రి స్టూలు మీద కూర్చోలేదు. "నీ సిగరెట్టు కాదు. గుడ్డలు నేను ఆరెయ్యలేదు. క్లిప్పులు చూశాను, ఖాళీగా ఉన్నాయి. నా బల్ల కింద కుప్పగా పడేశాను. పడేసింది కూడా నాకు గుర్తులేదు, తాగి ఉన్నాను. ఆ ఒక్క రోజే కాదు. రోజూ తాగుతున్నాను. లేవగానే తాగుతున్నాను. మీ నాన్న పెట్టెలో సీసా దాచుకున్నాను. పెట్టె కోసం నేను లోపలికి రాలేదురా, దాంట్లో సీసా కోసం వచ్చాను."

కిటికీ బయట ఎవరో బండి స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయాక బావమరిది అడిగాడు.

"నేను బల్ల కొస పట్టుకుని లాగుతున్నాను. 'బావా, ఆ కొస పట్టు' అని అరిచాను. నువ్వు నా పక్కనుంచే వెళ్ళావు. పొగలో వినబడలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ." బావమరిది అతని కళ్ళలోకి చూశాడు. "విన్నావా?"

ఇన్ని రోజుల్లో మేస్త్రి దీన్ని తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పటికీ తేలికైన జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. పొగ, హోరు, ఏమీ వినబడలేదు. బావమరిది కూడా ఆ జవాబే కోరుకుంటున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది.

"విన్నాను," అన్నాడు మేస్త్రి.

బావమరిది గోడవైపు తిరిగి పడుకున్నాడు. "వెళ్ళిపో బావా," అన్నాడు. "నీ ముఖం చూపించకు నాకు."

వరండాలో ఎదురైన నర్సును మేస్త్రి అడిగాడు. ఏమని అడగాలో తెలియక, "తాగుడు మాన్పించే డాక్టరు ఇక్కడ ఉంటారా అమ్మా?" అన్నాడు. ఆమె అతని చేతులు చూసింది, నుదుటిమీద చెమట చూసింది. ఎప్పటి నుంచి తాగలేదని అడిగింది. ఇంట్లో ఒక్కడివే ఉండి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని, అలాంటి పని చెయ్యొద్దని, మంచి పని చేశావు వచ్చి అని చెప్పి, వరండా చివర ఉన్న గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. మంచి పని అన్న మాట వింటే మేస్త్రికి ఏడుపొచ్చింది.

అక్కడికి భార్య వచ్చింది. తమ్ముడి గదిలోంచే వచ్చిందని ముఖమే చెబుతోంది. పక్కన కూర్చోలేదు. ఎదురుగా గోడకానుకుని నిలబడింది.

"ఇన్నేళ్ళూ అది పని వాసనే అనుకున్నాను," అంది. "అది కాదేమోనని ఎప్పుడైనా అనిపిస్తే, అనిపించకుండా చూసుకున్నాను. నాకూ అదే హాయిగా ఉంది మరి."

మేస్త్రి ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"వాడు ఆ అమ్మాయిని పిలిపించమన్నాడు. వేళ్ళు వంచుతున్నాడు. పళ్ళు కొరుక్కుంటూ, మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిడుతూ వంచుతున్నాడు."

"తిట్టనీ," అన్నాడు మేస్త్రి.

గది తలుపు తెరిచి అతన్ని లోపలికి రమ్మన్నారు. తోడు ఎవరైనా ఉంటే వాళ్ళూ రావచ్చన్నారు. మేస్త్రి భార్యవైపు చూశాడు. ఆమె కదల్లేదు.

"నేనిప్పుడు రాలేనండీ. వాడి దగ్గర కూర్చోవాలి. వాడికి నొప్పిగా ఉంది," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "మీరు మాత్రం లోపలికి వెళ్ళండి. వెళ్ళకుండా వచ్చారో, నేను కూడా మీ ముఖం చూడను," అంది.

ఆమె తమ్ముడి గదివైపు వెళ్ళిపోయింది. మేస్త్రి గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి, చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరమ్మ రోజుకు ఎంత తాగుతారని అడిగింది. ఎవరైనా ఎప్పుడైనా అడిగితే అతను చెప్పే జవాబు ఒకటి ఉండేది: ఏదో, కొంచెం. అది నోటిదాకా వచ్చింది కూడా. వరండా అవతలి నుంచి, మూసిన తలుపుల్లోంచి, బావమరిది నొప్పికి అరిచిన అరుపు వినబడింది.

"చాలా తాగుతానమ్మా," అన్నాడు మేస్త్రి. "మొదట్నుంచీ చెబుతాను, రాసుకోండి."